చప్పిడి పథ్యం

12-5-1997, సోమవారం
కంచరపాలెం

ఉమాశంకరునికి కామెర్లు.

ఈ వాక్యాన్ని ఈ రోజు నలుగురికి చెప్పాను. పాలు పోసే మనిషికి, ఎదురింటి గురువమ్మకు, తపాలా కచేరీలో గుమాస్తాకు, ఉత్తరం ద్వారా సబ్బవరంలో ఉన్న వియ్యంకుడు అర్జునరావుగారికి. నాలుగవసారికి చేయి తడబడలేదు. రెండే పదాల వాక్యం. క్రియ లేకుండానే అర్థం పూర్తి అవుతుంది. తెలుగుకు ఉన్న గొప్ప సౌకర్యం అది.

జబ్బును ఎంచడంలో తొందరపడలేదు. జ్వరమంటే మూడు రోజుల్లో తగ్గాలి. టైఫాయిడ్ అనే మాట 1990లోనే వాడేశాను. మావాడు పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఉండగా మొదటిసారి వచ్చినప్పుడు అదే చెప్పాను, తరువాత పెళ్ళిమాటల్లోనూ అదే చెప్పాను. కామెర్లయితే నెల విశ్రాంతి కావాలి. గది చీకటిగా ఉండవచ్చు. మనిషి చిక్కిపోవచ్చు. చూడవచ్చినవారు గుమ్మంలోనే నిలబడతారు. పైగా పసిబిడ్డలకు సోకుతుంది. కోడలు శ్రీవల్లి పుట్టింట్లో ప్రసవించి నలభై రోజులయింది. ‘వ్యాధి తగ్గువరకు తల్లినీ బిడ్డనూ పంపవద్దు’ అని వ్రాశాను. నా జాగ్రత్తకు అర్జునరావుగారు సంతోషిస్తారు.

అసలు సంగతి తెలిస్తే ఆయన ఆ పిల్లను ఈ ఇంటికి మళ్ళీ పంపడు. మనుమరాలిని నేను ఇంకా చూడలేదు.


13-5-1997, మంగళవారం

అసలు సంగతి ఇక్కడ వ్రాసుకోవచ్చు. ఈ పుస్తకం నా పెట్టెలో ఉంటుంది, తాళం నా మొలతాడుకు ఉంటుంది.

మొన్న గురువారం ఉమాశంకరుడు ఉక్కు కర్మాగారానికి వెళ్ళలేదు. దువ్వాడ స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు గంటలసేపు రైళ్ళ రాకపోకలను ప్రకటించాడు. అప్పటికి ఐదు రోజులుగా నిద్ర లేదు. చేతి గడియారాన్ని ఎవరో ముసలావిడకు, చెప్పులను మరొకరికి ఇచ్చివేశాడు. వాడితో పనిచేసే మణికంఠ ఆటోలో తెచ్చి దింపాడు.

"ఏటో అనుకోకండి మాస్టారూ, ఎంత బాగా మాటాడినాడండీ! ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని మొదలెట్టి, ఒక్క ఇంగిలీసు ముక్క నేకండా! జనం సప్పట్లు కొట్టేసినారు."

"కంచరపాలెం వాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?" అని అడిగాను.

మణికంఠ నా వంక చూసి, "నేరండి" అన్నాడు.

శనివారం వాల్తేరు వైపు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఈ ఊళ్ళో ఎవరినైనా గేలి చేయాలంటే "వాల్తేరు బస్సెక్కించాలి" అంటారు. ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో సంధులు రాని పిల్లలను నేనే ఎందరిని ఎక్కించానో. ఆ ఆసుపత్రికి జనం పెట్టిన పేరు ఇక్కడ వ్రాయను. అందులో సంధి కూడా తప్పు. మొదటి మాట చివరి ఇకారం ఏమ్యాదులలో చేరదు, లోపించకూడదు. యడాగమం రావాలి.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్థుడు. ‘వ్యాది’ అన్నాడు, ధకారానికి ఒత్తు లేకుండా. వెనుక వాడిన లిథియం మాత్రలే మళ్ళీ వ్రాశాడు. ఆ మాత్రలను పెళ్ళికి ముందు నేనే మాన్పించాను. "తిండి విషయంలో ఒక జాగ్రత్త ఉందండీ" అని ఆయన మొదలుపెడుతుండగానే వసారాలో నా పూర్వవిద్యార్థి పోలిరాజు కనిపించాడు. అతడు తలుపు దగ్గరకు రాకముందే నేను బయటకు వచ్చేశాను.

"ఏటి మాస్టారూ, మీరిక్కడ?"

"ఇక్కడి గుమాస్తా కుమారునికి వ్యాకరణం చెప్పడానికి వచ్చానయ్యా."

"సెలవల్లో కూడానా! ఆడెవడో గానీ అయిపోనాడు" అని నవ్వి వెళ్ళిపోయాడు. అతడు ఎవరి కోసం వచ్చాడో నేను అడగలేదు. అతడూ చెప్పలేదు.

నేను లోపలికి వెళ్ళేసరికి డాక్టరు చెప్పడం ముగించాడు. ఉమాశంకరుడు మగతగా తల ఊపుతున్నాడు. ఇంటికి రాగానే మాత్రల సీసా మీది కాగితాన్ని గోరుతో గీకివేశాను. లిథియం: గ్రీకు భాషలో రాయి అని అర్థమట.


15-5-1997, గురువారం

ఉక్తలేఖనం మొదలుపెట్టాను. ఉదయం పది గంటలకు నేను చెబుతాను, వాడు వ్రాస్తాడు. మనసు కుదుటపడిందో లేదో అక్షరం చెప్పగలదు. పన్నెండు వాక్యాలు. తప్పు ఒక్కటీ లేదు. ఇరవైఆరేళ్ళవాడి పుస్తకంలో ఎర్ర సిరాతో ‘బాగు’ అని వ్రాశాను. నవ్వాడు.


17-5-1997, శనివారం

గురువమ్మ వచ్చింది. కొడుకు సింహాద్రి ఆటో నడుపుతాడు, తల్లీకొడుకులు మా ఎదురింట్లో ఇరవై ఏళ్ళుగా ఉన్నారు. చూడవచ్చినవారు గుమ్మంలోనే నిలబడతారని అనుకున్నాను. ఈమె తిన్నగా మంచం దగ్గరకు వెళ్ళి వాడి కనురెప్ప కిందికి లాగి చూసింది.

"పసుపు నేదేటి?"

"లోపల ఉంది" అన్నాను.

"ఓలమ్మ! లోపలుండే కామెర్లు మా సెడ్డవి మాస్టారూ. మా పెనిమిటి అలాగే పోనాడు. పైకి తెలీదు, లోపల్లోపలే తినేత్తాది. రేపొద్దున్న నాను నేలుసిరి పసరు అట్టుకొస్తాను. పదకొండు రోజులు. మందుకంటే పత్తెం ముక్యం. ఉప్పు, పులుపు, నూనె ముట్టకూడదు. సప్పిడి కూడు, సప్పిడి మజ్జిగ, అంతే."

నా భార్య కనకరత్నం వంటింటి తలుపు చాటు నుండి నా వంక చూసింది. వద్దనడానికి ఒక కారణం కావాలి. కామెర్లున్న ఇంటివారు కామెర్ల మందును వద్దనడానికి ఏ కారణం చెబుతారు?

"చాలా పుణ్యం గురువమ్మా" అన్నాను.

"పున్నెమేటి మాస్టారూ! మా సింహాద్రికి మీరు రెండచ్చరాలు నేర్పబట్టి కదా ఆడు బోర్డులు సదవగల్తన్నాడు. రెండు పూటలా నానే దగ్గిర కూకుని తినిపిత్తాను. అమ్మగారిని నమ్మను. కన్నకడుపు, మనసాగక ఓ ఉప్పురాయి ఏసేత్తారు."


18-5-1997, ఆదివారం

చప్పిడి మొదలయింది.

"ఏమండీ, లేని జబ్బుకు పథ్యమేమిటండీ?" అంది కనకరత్నం.

నిఘంటువు తీశాను. పిత్తం వికటిస్తే పైత్యం. కామెర్లు పిత్తదోషమే. వాడి అసలు జబ్బును కూడా లోకం పైత్యమనే అంటుంది. మూలం ఒకటే అయినప్పుడు మందు ఒకటే కావడంలో తప్పేముంది? ఆలోచించి చూస్తే నేను అబద్ధమే ఆడలేదు. సంగతిని చుట్టుతిప్పి చెప్పే పర్యాయోక్తం వాడాను. ఇదంతా కనకరత్నానికి అర్ధగంట వివరించాను.

"ఉప్పు మానమని మీ పుస్తకంలో ఉందా?" అని అడిగింది.

"ఉంది" అన్నాను.

ఒక మాట అన్న తరువాత దానికి అన్వయం కుదరాలి. కర్త ఒక దారిన, క్రియ ఒక దారిన పోతే వాక్యం నిలవదు. కామెర్లని చెప్పి పప్పుచారు పోస్తే ఎవరు నమ్ముతారు?


21-5-1997, బుధవారం

ఎండలు దారుణంగా ఉన్నాయి. రేవు వైపు నుండి గాలి లేదు, ఇనుప ఖనిజపు ఎర్రధూళి మాత్రం వస్తోంది. అరుగు తుడిచిన గుడ్డ పిండితే నీళ్ళు ఇటుక రంగులో దిగాయి. ఉమాశంకరుని బనియను రోజుకు మూడుసార్లు తడిసిపోతోంది.

మధ్యాహ్నం వాడు పళ్ళెం ముందు కూర్చుని, "నాన్నగారూ, కాస్త ఉప్పు వేయించండి" అన్నాడు.

"పథ్యంలో ఉన్నావు."

"నాకు కామెర్లు లేవు కదండీ."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. వీధికి తెలియదు. ఇంకొక్క వారం."

"డాక్టరుగారు చెప్పారండీ, ఉప్పు..."

వాకిట్లో గురువమ్మ చెప్పుల చప్పుడయింది. నేను వాడి నోటికి చేయి అడ్డం పెట్టాను. పెట్టిన తరువాత ఆ చేతిని ఏమి చేయాలో తెలియలేదు. వాడి మూతి తుడిచాను.

వాడు మళ్ళీ అడగలేదు. చిన్నప్పటి నుండీ అంతే, ఒకసారి కాదంటే మళ్ళీ అడగడు. మంచి పెంపకం.


22-5-1997, గురువారం

శ్రీవల్లి ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్లు:

‘మాఁవయ్యగారికి నమస్కారాలు. ఆయనకి కామెర్లని రాసేరు. ఏ జబ్బయినా గానీ ఆయనకి ఉప్పు మాత్రం తగ్గించకండి. నీల్లు బాగా తాగించండి. పాప బాగుంది. కళ్ళు అచ్చం ఆయనవే. రమ్మంటే రేపే వస్తాను. అంటుకుంటే అంటుకుంటాది.’

ఇకారాంతం కాని నామవాచకానికి ‘కు’ వస్తుంది, ‘కి’ రాదు. ఈ ఒక్క నియమాన్ని ఆ పిల్లకు కాపురానికి వచ్చిన నాటి నుండి చెబుతున్నాను. ‘రాసేరు’ అట. ‘నీల్లు’ అట. మొత్తం ఆరు తప్పులు. ఎర్ర సిరాతో దిద్ది, ఉత్తరాన్ని నిఘంటువులో పెట్టాను. వచ్చినప్పుడు చూపాలి. కామెర్లకు ఉప్పు కూడదన్న సంగతి పల్లెటూళ్ళో పెరిగిన పిల్లకు తెలియకపోవడం వింతగా ఉంది.

కళ్ళు వాడివేనట.


24-5-1997, శనివారం

ఉక్తలేఖనం బాగా లేదు. తలకట్లు అక్షరాన్ని విడిచి పక్కకు పడుతున్నాయి. గుళ్ళు మూసుకోవడం లేదు. శ్రద్ధ తగ్గింది. తప్పిన మాటలను పదేసిసార్లు వ్రాయమన్నాను.

చేయి వణుకుతోందన్నాడు.


26-5-1997, సోమవారం

ఉదయం నుండి మూడుసార్లు వాంతి. గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"పైత్తెం కక్కేత్తన్నాడు మాస్టారూ! మందు పట్టినాది!" అని గురువమ్మ సంబరపడింది. ఆమె మొగుణ్ణి దక్కించుకోలేకపోయిందట, ఈ బిడ్డను దక్కించుకుంటుందట. వాడి నుదుటి మీద చేయి వేసి, "తిను నాయినా, రెండు ముద్దలు. ఇంక రెండ్రోజులే" అని నోట్లో పెట్టింది. వాడు ఆమె ముఖం చూసి మింగాడు.

కనకరత్నం నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ వాల్తేరు డాక్టరు దగ్గరకు తీసుకువెళదామండీ."

"రెండు రోజుల్లో పథ్యం ముగుస్తుంది. ఇప్పుడు ఆటో పిలిస్తే సింహాద్రే వస్తాడు. ఎక్కడికని అడుగుతాడు. ఏమని చెబుతావు?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నా వాదంలో లోపం లేదు.

అయినా ఉక్తలేఖనం మానలేదు. "సముద్రము అలలతో నిండియున్నది" అని చెప్పాను. వాడు కలాన్ని పిడికిలితో పట్టుకుని చాలాసేపు వ్రాశాడు. తీసుకుని చూస్తే సముద్రం లేదు. ఇలా ఉంది:

‘నాకు కామెర్లు లేవు.’

అక్షరాలు గాలిలో ఊగుతున్నట్లున్నాయి. కానీ వాక్యం చివర బిందువు కూడా పెట్టాడు. ఎర్ర సిరా కలం పట్టుకుని కూర్చున్నాను. దిద్దడానికి ఏమీ లేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.


27-5-1997, మంగళవారం

మాట ముద్దగా వస్తోంది. ఇంకొక్క రోజు.


30-5-1997, శుక్రవారం
పెద్దాసుపత్రి వసారాలో

బుధవారం జరిగింది వ్రాయాలి. వరుసగా వ్రాయాలి.

పదకొండవ రోజు పసరు పట్టుకుని గురువమ్మ వచ్చేసరికి వాడు మంచం మీద కొయ్యబారి ఉన్నాడు. పిలిస్తే కళ్ళు తెరిచాడు, చూడలేదు. పెదవి ఒక పక్కకు ఎగురుతోంది. ఆమె గిన్నె కింద పడేసి, "ఓరి సింహాద్రీ, బేగి బండి తియ్యిరా!" అని వీధంతా వినబడేటట్లు అరిచింది. ఆటోలో ఉమాశంకరుని తల ఆమె ఒడిలో, కాళ్ళు కనకరత్నం ఒడిలో. నేను సింహాద్రి పక్కన ఒక అంచు మీద కూర్చున్నాను. రైలు గేటు పడింది. గూడ్సు బండి పోతున్నంతసేపూ సింహాద్రి హారను మీద నుండి చేయి తీయలేదు, గూడ్సు బండి తప్పుకుంటుందన్నట్లు.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. మా శ్రీవల్లి వయసే ఉంటుంది.

"ఏం జబ్బండీ?"

"కామెర్లు" అన్నాను.

ఆమె కనురెప్పలు ఎత్తి చూసింది. "కళ్ళు తెల్లగానే ఉన్నాయే. ఏమేం మందులు వాడుతున్నారు?"

గురువమ్మ ముందుకు వచ్చింది. "నేలుసిరి పసరమ్మా. ఇయ్యాలకి పదకొండు రోజులు. ఉప్పన్నది నాలిక్కి తగలనీనేదు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మాత్రలేమైనా వాడుతున్నారా? చెప్పండి, ఏ మందులైనా సరే."

నా వెనుక గురువమ్మ ఉంది. సింహాద్రి ఉన్నాడు. మా వీధివారే మరో ఇద్దరు సైకిళ్ళ మీద వచ్చి నిలబడ్డారు.

"లేవు" అన్నాను.

వాడు వ్రాసిన వాక్యంలోనూ చివరి మాట అదే. కాగితం నా జేబులోనే ఉంది.

రక్తం తీశారు. సూదులు వేశారు. ఎవరో పరుగెడుతున్నారు. "కామెర్లు మెదడికెక్కేసినాయేటో" అని సింహాద్రి మెల్లగా అన్నాడు. నేను గోడ మీద అంటించిన ప్రకటనలో అక్షరదోషాలు చూస్తున్నాను. ‘శుబ్రత పాటించండి.’ భకారం. అర్ధగంట ఆ భకారాన్నే చూశాను. అప్పుడు వాడికి మూర్ఛ వచ్చింది. మంచం గోడకు కొట్టుకున్న చప్పుడు విన్నాను. కనకరత్నం నా చొక్కా కాలరు పట్టుకుంది. ముప్పైఐదేళ్ళలో నలుగురిలో నా ముందుకు వచ్చి నిలబడిన మనిషి కాదు.

"మీరు చెబుతారా, నేను చెప్పనా?"

అప్పుడు ఆ ఉత్తరం కళ్ళకు కట్టింది. ఎర్ర సిరా లేకుండా కనిపించింది. ఆయనకి ఉప్పు మాత్రం తగ్గించకండి.

నేను చెప్పాను. గొంతు తరగతి గదిలో లాగ పెద్దగా వచ్చింది, వసారా చివరి వరకు వినబడి ఉంటుంది. "వాడికి కామెర్లు లేవు. మానసిక వ్యాధి ఉంది. ఏడేళ్ళుగా ఉంది. లిథియం మాత్రలు వాడుతున్నాడు. ఉప్పు నేనే మాన్పించాను."

డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. "పదకొండు రోజులా? ఆ మాత్రల మీద ఉండగానా? ఈ ముక్క అర్ధగంట కిందట చెప్పి ఉంటే..."

వాక్యాన్ని పూర్తి చేయకుండానే పరుగెత్తింది. రెండు రోజులుగా నేను దాన్ని పూర్తి చేస్తున్నాను.

ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ మందు బయటకు పోదట. లోపలే పేరుకుని విషమవుతుందట. చెమట పట్టే రోజుల్లో ఇంకా త్వరగానట. ఇప్పుడు సీసాల కొద్దీ ఉప్పునీళ్ళే వాడి నరంలోకి ఎక్కిస్తున్నారు.

గురువమ్మ సంగతి వ్రాయాలి. నేను చెప్పింది విన్న తరువాత ఆమె ముఖం చిట్లిస్తుందని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా జరుగుతుందని ఎదురుచూశాను. ఆ చూపు కోసం ఏడేళ్ళుగా సిద్ధపడి ఉన్నాను. ఆమె గోడవారగా నేల మీద కూలబడింది.

"మాస్టారూ, ఆ ముక్క నాతో సెప్తే నానేటి తినేద్దునా మిమ్మల్ని? నా సేత్తో బిడ్డకి ఇసం పెట్టించేరు. నా సేత్తో. తిను నాయినా, తిను నాయినా అని రోజూ..."

తన చేతులు రెండూ చూసుకుంది. నూరిన ఆకు పచ్చదనం వేళ్ళ సందుల్లో అలాగే ఉంది.




2-6-1997, సోమవారం

ఈ రోజు వాడు "మంచినీళ్ళు" అన్నాడు. నాలుగు అక్షరాలూ తెలిశాయి.


4-6-1997, బుధవారం

కనకరత్నం నాకు చెప్పకుండా సబ్బవరానికి కబురు పంపింది. శ్రీవల్లి వచ్చింది, చంకలో బిడ్డతో. వెనుక అర్జునరావుగారు.

"ఏటి బావగారూ ఇది? అప్పుడు టైఫాయిడన్నారు. ఇప్పుడు కామెర్లన్నారు. రేపింకేటంటారు? పిల్లనిచ్చినోడికి ఇంత మోసం సేత్తారా?"

"నన్నెవులూ మోసం సెయ్యలేదు నాన్నా" అంది శ్రీవల్లి. "పెళ్ళయిన మూడో రోజే ఆయన నాతో అన్నీ సెప్పేరు. జబ్బు, మాత్తర్లు, ఉప్పు, నీల్లు, అన్నీను. నీకు సెప్పనిది నాను."

"నువ్వూ దాసేవా?"

"సెప్తే పంపిద్దువా?"

ఆయన కిటికీలో నుండి మంచం మీది అల్లుణ్ణి చూశాడు. కనకరత్నం ఇచ్చిన కాఫీ ముట్టలేదు. "పది రోజుల్లో వస్తాను. ఆడు లేసి నడిస్తే సరి. నేకపోతే నా పిల్లని నాను అట్టుకుపోతాను" అని బస్సుకు వెళ్ళిపోయాడు.

శ్రీవల్లి నా దగ్గరకు వచ్చింది. కోపంగా ఉంటే బాగుండేది.

"మాఁవయ్యగారూ, నా ఉత్తరం అందలేదా?"

"అందిందమ్మా."

"మరి?"

"దిద్దాను" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. బిడ్డను నా ఒడిలో పెట్టి లోపలికి వెళ్ళింది. కళ్ళు వాడివే.


9-6-1997, సోమవారం

రేపు ఇంటికి పంపుతారట. నడుస్తున్నాడు. చేతి వణుకు కొంత మిగిలిపోవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. కొంత అంటే ఎంత అని అడిగాను. చెప్పలేమంది.

వాడి సెలవు పొడిగింపు కోసం కర్మాగారానికి కొత్త విజ్ఞాపన వ్రాశాను. జబ్బు పేరు వ్రాయవలసిన చోట కలం రెండుసార్లు ఆగింది. మూడవసారి అసలు పేరే వ్రాసింది. తీసుకువెళ్ళడానికి వచ్చిన మణికంఠ దాన్ని చదివి, "ఏటి రాసినా ఒకటేనండి మాస్టారూ. మా సెక్షన్లో అందరికీ ముందే తెల్సు" అన్నాడు.

"తెలిసి?"

"తెలిసేటండీ? కొందరు నవ్వినారు. కొందరు, పాపం ఆడెప్పుడొస్తాడని అడుగుతన్నారు. దువ్వాడ టేసన్లో టీ కొట్టాయనైతే, ఆ మంచి తెలుగాయన మళ్ళీ రాలేదేటని అడుగుతన్నాడు."

ఉమాశంకరుడు మంచం మీద నుండి, "ఈసారి టిక్కెట్టు పెడతానని చెప్పు" అన్నాడు. నెమ్మదిగా అన్నాడు. నవ్వడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

ఈ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటి నుండి చదివాను. ‘కామెర్లు’ అని ఉన్న చోటల్లా దిద్దుదామని ఎర్ర కలం తీశాను. దిద్దలేదు. ఎవరు వ్రాశారో తెలియాలి.

వేసవి తరగతికి వచ్చే పిల్లలు ఇద్దరు మానివేశారు. కారణం చెప్పలేదు. గురువమ్మ తలుపు మా వైపుకు పన్నెండు రోజులుగా మూసి ఉంది. పెరటి దారిన వస్తోంది, పోతోంది.


12-6-1997, గురువారం

శ్రీవల్లి వంట చేస్తోంది. ఉప్పు నిండుకుందని నాకు చెప్పింది. మలుపులో కొట్టు ఉంది, యాభై అంగలు లేదు. నేను చెప్పులు వేసుకుని ఎదురింటి తలుపు తట్టాను. చాలాసేపటికి తీసింది.

"గురువమ్మా, ఉమాశంకరునికి ఉప్పు కావాలి."

ఆమె నన్ను పైనుండి కిందికి చూసింది. లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది.

"గిన్నె తేనేదేటి?"

"మరిచాను."

"ఉప్పు సేతికియ్యకూడదు మాస్టారూ. దెబ్బలాటొస్తాది."

డబ్బాను గడప మీద పెట్టబోయి ఆగింది.

"అయినా మనకి రావలిసిన దెబ్బలాట వచ్చీసినాది కదా. ఇంక కొత్తగా ఏటొస్తాది? పట్టండి."

దోసిలి పట్టాను. రాళ్ళ ఉప్పు నిండుగా పోసింది.

"గుంటడు తింటన్నాడా?"

"తింటున్నాడు. చేయి వణుకుతోంది, ముద్ద నిలవడం లేదు."

"సూత్తాన్లెండి" అంది. వస్తానని అనలేదు. తలుపు కూడా వేయలేదు.

వీధి మధ్యకు వచ్చాను. చెట్టు నీడన ఆటో తుడుచుకుంటున్న సింహాద్రి, అతడితో మాట్లాడుతున్న పాలమనిషి ఇద్దరూ నన్ను చూశారు.

"ఏటి మాస్టారూ, దోసిట్లో?" అని పాలమనిషి అడిగాడు.

"ఉప్పు. మా ఉమాశంకరుడు మానసిక వ్యాధికి మందు వాడుతున్నాడు. ఆ మందు వాడేవాడికి ఉప్పు తగ్గకూడదు."

పాలమనిషి సింహాద్రి వైపు చూశాడు. సింహాద్రి గుడ్డ పిండుతూ నా చేతుల వంక చూశాడు.

"జాగర్త మాస్టారూ," అన్నాడు, "కారిపోతంది."

నిజమే. వేళ్ళ సందుల్లో నుండి రాలుతోంది. చేతులు దగ్గరగా బిగించుకుని ఇంట్లోకి నడిచాను.